లెక్కల మాస్టారి రీలు: ఒక పాత జిగ్‌మాస్టర్‌ను బలపరిచి, పరీక్షించిన వైనం

మాస్టారి కుడిచేతి రెండు వేళ్లకు కట్లున్నాయి. ఎడమచేత్తోనే సంచిలోంచి గాలం రీలు తీసి బల్ల మీద పెట్టి, "హ్యాండిలు వెనక్కి తిరిగింది అబ్బాయ్" అన్నారు. సగం సంగతి నాకక్కడే అర్థమైంది. చేప ఎంత లాగినా లైను చుట్టి ఉండే స్పూల్ తిరగాలి, లైను పోవాలి. హ్యాండిలు మాత్రం కదలకూడదు. అది వెనక్కి గిర్రున తిరిగిందంటే, దాన్ని వెనక్కి తిరక్కుండా లోపల ఆపే డాగ్ అనే చిన్న ముక్క జారిందన్నమాట.

మాది విజయవాడ ఆటోనగర్‌లో లేతు షాపు. సబ్‌మెర్సిబుల్ పంపుల షాఫ్టులు, డీజిల్ పంపుల పని అసలు బతుకుతెరువు. గాలం రీళ్ల పని పదేళ్ల కింద ఒక స్నేహితుడి కోసం మొదలుపెట్టాను, ఇప్పుడు వారానికి రెండు మూడైనా వస్తున్నాయి. కృష్ణలో వాలుగకు గాలం వేసేవాళ్లు, బందరు, సూర్యలంక వైపు సముద్రానికి వెళ్లేవాళ్లు తెస్తుంటారు. మాస్టారు బందరు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఈ రీలు వాళ్ల నాన్నగారిది.

రీలు పెన్ కంపెనీ జిగ్‌మాస్టర్ 500. జర్మనీ నుంచి వలస వెళ్లిన ఒట్టో హెంజ్ 1932లో ఫిలడెల్ఫియాలో పెట్టిన కంపెనీ అది. ఇది కన్వెన్షనల్ రీలు, అంటే స్పూల్ రాడ్డుకు అడ్డంగా కూర్చుని తానే తిరుగుతుంది. హ్యాండిలు ఒక చుట్టు తిప్పితే స్పూల్ నాలుగు చుట్లు. పక్క పళ్లేలు బేకలైటువి, పాత ఇళ్లలో కరెంటు స్విచ్చులు చేసేవారే, ఆ పదార్థం. గట్టిగానే ఉంటుంది కానీ వంగదు, వంచితే పగులుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి రావాలి.

జరిగింది ఇది. రీలులో ఉన్న పాత ఫైబర్ వాషర్లు పట్టు తప్పాయని మాస్టారు కార్బన్ ఫైబర్ వాషర్లు తెప్పించి తానే వేసుకున్నారు. లైను కూడా మార్చి 50 పౌండ్ల బ్రెయిడ్, అంటే అల్లిన దారం, చుట్టారు. హ్యాండిలు కింద నక్షత్రంలా ఉండే స్టార్ బిగిస్తే వాషర్లు నొక్కుకుని పోయే లైనును పట్టి ఆపుతాయి; ఈసారి ఇదివరకెప్పుడూ లేనంత పట్టు వచ్చింది. గిలకలదిండి నుంచి పడవలో వెళ్లిన రోజున బరువైన చేపేదో పట్టింది, కిందికి దిగబడి లాగింది. మూడోసారి లాగినప్పుడు లోపల 'టక్' మని హ్యాండిలు వేళ్ల మీద తిరిగింది. కార్బన్ వాషర్లు నాసిరకంవని మాస్టారి నమ్మకం. కాదు, వాషర్లు వాటి పని బాగా చేశాయి. ఆ కొత్త పట్టును మోయాల్సిన తక్కిన భాగాలు పాతవే ఉండిపోయాయి.

విప్పి చూస్తే

జిగ్‌మాస్టర్‌లో మంచి సదుపాయం ఒకటుంది. ఒక చిన్న మీట తిప్పి కుడి పళ్లెం తిప్పితే స్పూల్ చేతికొచ్చేస్తుంది. అక్కడిదాకా ఎవరైనా చేయొచ్చు. ఆ తర్వాత హ్యాండిలు, స్టార్, మెయిన్ గేరు, అందులో పొరలుగా పేర్చిన వాషర్లు, గేరును మోసే స్లీవ్, స్లీవ్ అడుగున రాచెట్ పళ్లు, వాటిలో పడే డాగ్, దాన్ని నెట్టే సన్నటి స్ప్రింగు. వీటన్నిటినీ పట్టుకునేది బ్రిడ్జి అనే చిన్న రేకు. ఆ బ్రిడ్జి స్క్రూలతో బేకలైటు పళ్లేనికి బిగించి ఉంటుంది.

డాగ్ కొన గుండ్రంగా అరిగిపోయింది. స్లీవ్ రాచెట్‌లో రెండు పళ్ల అంచులు నలిగాయి. మెయిన్ గేరు ఇత్తడిది, దాని పళ్ల అంచులకు సన్నటి ఈకల్లా లోహం లేచింది. స్క్రూల చుట్టూ పచ్చటి చిలుము. డాగ్ స్ప్రింగు ఉప్పు పట్టి బిగుసుకుంది, వేలితో నొక్కితే డాగ్ నింపాదిగా వెనక్కొస్తోంది, టక్కున కొట్టుకోవడం లేదు. నా దృష్టిలో అసలు దోషి ఆ స్ప్రింగే. అది నీరసించాక డాగ్ పంటి మొదట్లో కూర్చోకుండా అంచు మీద సగమే ఆనుతూ వచ్చింది. తక్కువ బరువులో అలా సగం ఆనినా గడిచిపోయింది. బరువు రెట్టింపయ్యాక గడవలేదు.

బరువు నిజంగా రెట్టింపయిందా అని మాస్టారే అడిగారు. షాపు గోడ మీద సుద్దముక్కతో లెక్క కూడా ఆయనే వేశారు. నేను వెర్నియర్‌తో కొలిచి చెబుతుంటే ఆయన రాశారు. లైను నిండుగా ఉన్నప్పుడు స్పూల్ మీద వ్యాసం 54 మి.మీ., అంటే వ్యాసార్ధం 2.7 సెం.మీ. పాత వాషర్లతో పట్టు 3 కిలోలనుకుంటే స్పూల్ మీద మెలి, అంటే తిప్పే బలం, 8.1 కిలో సెంటీమీటర్లు. గేరు నాలుగు రెట్లు కాబట్టి స్లీవ్ మీద 32.4. డాగ్ ఆనే చోటు స్లీవ్ మధ్య నుంచి 7 మి.మీ. దూరం. 32.4ను 0.7తో భాగిస్తే 46 కిలోలు. లైను మీద 3 కిలోలున్నప్పుడు గోరంత డాగ్ ముక్క మీద 46 కిలోలు పడుతోంది.

కార్బన్ వేశాక స్టార్ పూర్తిగా బిగిస్తే లైను కదలడానికి 6.2 కిలోలు కావాల్సి వచ్చింది. అదే దారిన లెక్కేస్తే డాగ్ మీద 96 కిలోలు. స్పూల్‌ను తిప్పే చిన్న గేరు, పినియన్, దాని పంటి మీద 39 కిలోలు. డాగ్ జారగానే 7 సెం.మీ. పొడవున్న హ్యాండిలు కొనలో వేళ్లకు తగిలేది దాదాపు తొమ్మిదిన్నర కిలోల దెబ్బ, తిరుగుతున్న వేగం దానికి అదనం. మాస్టారు ఆ అంకె కింద గీత గీసి, తన వేళ్ల కట్ల వంక చూసుకున్నారు.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. లైను పోయేకొద్దీ స్పూల్ మీద చుట్ట సన్నబడుతుంది. వ్యాసం 54 నుంచి 36కు దిగితే, స్టార్ ముట్టుకోకుండానే లైను మీది పట్టు ఒకటిన్నర రెట్లవుతుంది. 4 కిలోలకు పెట్టింది 6 అవుతుంది. లైను తెగేది, ముడి జారేది, రాడ్డు విరిగేది అందుకే. డాగ్ మీద, గేరు పళ్ల మీద మాత్రం బరువు మారదు, ఎందుకంటే వాషర్లు పట్టి ఉంచేది మెలిని, లైనును కాదు. కాబట్టి లోపలి భాగాలకు నిండు స్పూల్ లెక్క సరిపోతుంది, లైనుకూ ముడికీ మాత్రం ఖాళీ స్పూల్ లెక్క చూసుకోవాలి.

లేతు మీద పరీక్ష

డ్రాగ్‌ను, అంటే ఈ వాషర్ల పట్టును, చేత్తో లాగి చూసి 'బాగుంది' అనడం నేనెప్పుడో మానేశాను. చేయి అబద్ధం చెబుతుంది. ఈ రీలుకు చేసిన ఏర్పాటు ఇది. లేతు చక్‌లో 100 మి.మీ. వ్యాసం గల చెక్క డ్రమ్ము పట్టించాను. నిమిషానికి 190 చుట్లు తిప్పితే సెకనుకు దాదాపు మీటరు లైను చుట్టుకుంటుంది. రీలును ఒక చెక్కపలకకు బిగించి, ఆ పలకను రెండు గ్రీజు పూసిన పైపుల మీద జారేలా పెట్టాను. పలక వెనక డిజిటల్ వేలాడే త్రాసు, దాని రెండో కొక్కెం గోడకు. లైను పోతున్నంతసేపూ త్రాసులో పట్టు కనబడుతుంటుంది. కదలిక మొదలయ్యే బరువుకు మాత్రం పాత పద్ధతే: కప్పీ మీదుగా బకెట్టు వేలాడదీసి మెల్లగా నీళ్లు పోయడం.

మొదట, వచ్చింది వచ్చినట్టు పరీక్షించాను. స్లీవ్‌ను కడ్డీతో బిగించి పట్టాను, డాగ్ పట్టడం లేదు కదా. కదలడానికి 6.2 కిలోలు, కదిలాక 3.9 నుంచి 5.6 మధ్య ఊగులాట. ఆ ఊగులాటే నన్ను రెండు రోజులు కూర్చోబెట్టింది. పోతున్న లైను మీద అడుగడుక్కీ స్కెచ్ పెన్ను గుర్తులు పెట్టి చూస్తే, పట్టు పెరిగి తగ్గడం 68 సెం.మీ.లకు ఒకసారి వస్తోంది. స్పూల్ ఒక చుట్టుకు పోయే లైను దాదాపు 17 సెం.మీ. దానికి నాలుగింతలు 68. అంటే తప్పు స్పూల్‌లోనో పినియన్‌లోనో లేదు, మెయిన్ గేరు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా వస్తోంది. ఇలా లైను పొడవుతో తప్పు ఏ ఇరుసు మీదుందో తేల్చడం ఏ రీలుకైనా పనిచేస్తుంది. దీనికి కొత్త పనిముట్లేవీ కొనక్కర్లేదు.

కార్బన్ వాషర్ల మధ్యలో ఉండే లోహపు వాషర్లను అద్దం మీద పెట్టాను. ఒకటి ఊగింది. ఇంకొకదానికి చెవుల దగ్గర బుర్రు, అంటే లోహపు ఈక, లేచింది. మాస్టారు కొత్త కార్బన్‌ను ఈ వంకర రేకుల మధ్యే పేర్చారు. నా దగ్గరకొచ్చే రీళ్లలో ఈ తప్పు తరచుగా చూస్తాను. వాషర్లు కొనే డబ్బు ఉంటుంది కానీ, వాటి పక్కనుండే ఇనుప బిళ్లలను అరగంట రుద్దే ఓపిక ఉండదు. అద్దం మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, రెండు చుక్కల నూనెతో ఎనిమిది ఆకారంలో రుద్దాను, తర్వాత 800. నీలం రంగు పూసి అద్దం మీద నొక్కితే మొత్తం ముఖం అంటేదాకా. అంచులకు సన్నగా ఆకురాయి పట్టించాను. కార్బన్‌కు టెఫ్లాన్ కలిసిన డ్రాగ్ గ్రీజు వేలితో పల్చగా పూసి, మిగిలింది తుడిచేశాను. మళ్లీ అంతే బిగువుతో పెడితే కదలడానికి 5.0, కదిలాక 4.6 నుంచి 4.8. పట్టు అంకె తగ్గిందని మాస్టారు కాస్త నిరాశపడ్డారు. కదిలేముందు 6.2 చూపి తర్వాత 4కు పడిపోయే రీలు కన్నా, 5 దగ్గర మొదలై 4.7 దగ్గర నిలబడే రీలుతోనే చేప చేతికొస్తుంది. లైను తెగేది ఆ మొదటి కుదుపుకే.

మాస్టారు పాత ఫైబర్ వాషర్లను కూడా అగ్గిపెట్టెలో దాచి తెచ్చారు. వాటినీ పరీక్షించమన్నారు, మంచి ఆలోచనే. ఆ కాలం నాటి రాపిడి వాషర్లలో ఆస్‌బెస్టాస్ వాడకం ఉండేది కాబట్టి పాత వాషర్లకు నేనెప్పుడూ గాలి కొట్టను, గీకను. తడిగుడ్డతో తుడిచి వేశాను. 3 కిలోల దగ్గర మొదలుపెడితే 60 మీటర్లు పోయేసరికి 2.1కి జారింది. ఆపి, మళ్లీ కదిలిద్దామంటే 3.9 దాకా కదల్లేదు. దీనికి కారణం వేడి. 4 కిలోల పట్టు మీద 100 మీటర్ల లైను సెకనుకో మీటరు చొప్పున పోతే, ఆ నూరు సెకన్లూ దాదాపు 39 వాట్ల వేడి ఆ రూపాయి బిళ్లంత చోట పుడుతుంది. పాతకాలపు 40 వాట్ల బల్బును గేరులో పెట్టినట్టు. నిజం చేప సెకనుకు మీటరు దగ్గర ఆగదు. గ్రీజు పూసిన కార్బన్ అదే పరుగులో 4.7 నుంచి 4.5కు దిగి అక్కడే ఉంది. గేరు మీద వేలు పెట్టలేకపోయాను.

అమెరికా పెట్టె

ఈలోగా మాస్టారి అల్లుడు అమెరికా నుంచి సంక్రాంతికి వస్తూ విడిభాగాలు తెచ్చాడు. స్టెయిన్‌లెస్ మెయిన్ గేరు, స్టెయిన్‌లెస్ స్లీవ్, ఐదు పల్చటి కార్బన్ వాషర్లు పట్టే డ్రాగ్ సెట్టు, రెండు డాగ్‌లున్న బ్రిడ్జి, ఒక పినియన్. పినియన్ వేరే మోడల్‌ది, పంపినవాళ్లు పొరబడ్డారు. పళ్లు కలవలేదు, పక్కన పెట్టేశాం.

ఐదు వాషర్ల సెట్టు ఎందుకు ఎక్కువ పట్టు ఇస్తుందో మాస్టారికి చెబితే వెంటనే గ్రహించారు. పాత పద్ధతిలో గేరు లోపల మూడు, గేరు కింద ఒకటి, మొత్తం నాలుగు చోట్ల రాపిడి. కొత్తదాంట్లో లోపల ఐదు, కింద ఒకటి, మొత్తం ఆరు. నొక్కుడు అంతే ఉన్నా పట్టు ఒకటిన్నర రెట్లు రావాలి. నొక్కుడు సమానంగా ఉంచడానికి స్టార్‌కు 15 సెం.మీ. పట్టీ తగిలించి దాని కొనకు అరకిలో తూకంరాయి వేలాడదీశాను. మూడు వాషర్లతో 4.6 వస్తే ఐదుతో 6.9 రావాలి, 6.7 వచ్చింది. ఆ కాస్త తేడా వాషర్ల చెవులు గాడిలో రాసుకోవడం వల్ల, పైన నొక్కింది అడుగుదాకా పూర్తిగా దిగదు.

స్టార్ కింద గిన్నె ఆకారపు స్ప్రింగు వాషర్లు రెండు ఎదురెదురుగా పెట్టడం నేను ప్రతి స్టార్ డ్రాగ్ రీలుకూ చేసే పని. స్టార్ కొంచెం తిప్పితే పట్టు కొంచెమే పెరుగుతుంది. పడవలో చేపతో పెనుగులాడేటప్పుడు ఆ కొంచెమే కావాలి.

మెయిన్ గేరు స్టెయిన్‌లెస్, పినియన్ మాత్రం పాత ఇత్తడిది. మెత్తటిదాన్ని గట్టిది తింటుందని తెలుసు. అయినా అలాగే ఉంచాను. రెండూ ఒకే రకం స్టెయిన్‌లెస్ అయితే గ్రీజు ఆరినప్పుడు ఒకదాన్నొకటి పట్టేసి ముఖాలు చెక్కుకుపోతాయి. ఇత్తడి పినియన్ అరిగితే తీసి వేరేది వేయడం ఐదు నిమిషాల పని. పంటి మందం మాత్రం మైక్రోమీటరుతో కొలిచి రాసి పెట్టాం.

రెండు డాగ్‌ల బ్రిడ్జి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. రెండున్నాయి కాబట్టి బరువు సగం సగం పంచుకుంటాయని అందరూ అనుకుంటారు. రాచెట్ పళ్లకు నీలం రంగు పూసి, స్లీవ్‌కు మెలి ఇచ్చి విప్పి చూస్తే రంగు ఒక డాగ్‌కే అంటింది. రెండోది వెంట్రుకవాసి దూరంలో ఉంది. అంటే బరువంతా ఒకదాని మీదే, రెండోది అది వంగేదాకా ఊరికే కూర్చుని ఉంటుంది. తోడుగా ఉండటం మంచిదే కానీ దాన్ని రెట్టింపు బలం అనకూడదు. ముందు ఆనుతున్న డాగ్ ముఖం మీద నాలుగైదు సార్లు సన్న ఆకురాయి పట్టించి, రంగు రెండిటికీ సమంగా అంటేదాకా సరిచేశాను. ఈ ఒక్క పనికి ఒక మధ్యాహ్నం పట్టింది, ఈ రీలుకు చేసిన పనులన్నిటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది కూడా ఇదే.

డాగ్ దేనితో చేయాలి

పెట్టెతో వచ్చిన డాగ్‌లు మెత్తగా ఉన్నాయి, ఆకురాయి సులువుగా దిగింది. అయస్కాంతానికి అంటుకోలేదు కాబట్టి 304 జాతి స్టెయిన్‌లెస్ అని తెలుస్తూనే ఉంది. వాటిని ఉంచాలా, నేను చేసినవి వేయాలా తేలడానికి ఒక పరీక్ష పెట్టాను. స్లీవ్‌ను ఒక ఇరుసు మీద ఎక్కించి 30 సెం.మీ. చేయి తగిలించాను, కొనకు తూకంరాళ్లు. ఈసారి కావాలనే ఒక్క డాగే పెట్టాను. మేం అనుకున్న గరిష్ఠ పట్టు 5 కిలోలు, అప్పుడు స్లీవ్ మీద మెలి 54 కిలో సెంటీమీటర్లు, అంటే చేయి కొనకు 1.8 కిలోలు. దానికి ఐదింతల పైదాకా తీసుకెళ్లాలని నిర్ణయం.

చేయి కొనకు 5 కిలోలు వేలాడదీసేసరికి 304 డాగ్ కొన పుట్టగొడుగులా ఉబ్బింది. విరగలేదు, కానీ ఉబ్బిన కొన రాచెట్ పంటిలోంచి సాఫీగా బయటికి రాదు. ఈఎన్ 8 స్టీలుతో చేసింది ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ వేడిచేసి మెత్తబరచకుండా తొందరపడి పెట్టాను. 9 కిలోల దగ్గర కొన గాజులా ఎగిరిపోయింది. ఆ తప్పు నాది. మెత్తబరిచి రెండోది చేస్తే 10 కిలోలకూ నిలిచింది. దాన్ని ఉప్పునీళ్లలో, లీటరుకు 35 గ్రాముల కల్లుప్పు కలిపి, ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు. బలం ఉన్నా సముద్రానికి పనికిరాదు.

మూడోది మా షాపు మూలన పడి ఉన్న పాత సబ్‌మెర్సిబుల్ పంపు షాఫ్టులోంచి తీశాను. అలాంటి షాఫ్టులు ఎక్కువగా 410 స్టెయిన్‌లెస్‌వి, అయస్కాంతానికి అంటుకుంటాయి, కాల్చి గట్టిపరచవచ్చు. దాదాపు 1000 డిగ్రీల దాకా కాల్చి నూనెలో ముంచి, తర్వాత మళ్లీ 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. పక్క వీధిలో గేర్లు గట్టిపరిచే కొలిమి ఉంది, వాళ్ల మీటరు నమ్మదగ్గది. ఆకురాయి పెడితే జారిపోయింది. 10 కిలోల దగ్గర, అంటే డాగ్ కొన మీద 430 కిలోల దగ్గర, భూతద్దంలో చూసినా డాగ్ మీద గీత లేదు. స్లీవ్ రాచెట్ పంటి మీద మాత్రం సన్నటి నొక్కు పడింది. మాస్టారు ఆ నొక్కు చూసి, "అప్పు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి మారిందన్నమాట" అన్నారు. ఈ పని గురించి నేను అంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

410 తుప్పుకు 304 అంత తట్టుకోదు. ఉప్పునీళ్లలో ఒక రాత్రి, గాలిలో ఒక పగలు చొప్పున ఐదుసార్లు పెట్టాను. గ్రీజు లేనిదానికి మూడో రోజుకు గోధుమ చుక్కలొచ్చాయి. గ్రీజు పూసినదానికి ఐదో రోజుకూ రాలేదు. అందుకే ఈ డాగ్‌లున్న రీలును ఏడాదికి ఒకసారైనా విప్పి గ్రీజు మార్చాలి, అది కుదరనివాళ్లకు నేను 304వే వేసి, పట్టు తక్కువకు పెట్టి ఇస్తాను.

పట్టు ఎంత?

ఇక్కడ మాస్టారికీ నాకూ మాట పట్టింపు వచ్చింది. ఆరు రాపిడి ముఖాల సెట్టుతో స్టార్ పూర్తిగా బిగిస్తే త్రాసు 8 కిలోలు దాటింది. "50 పౌండ్ల లైను, అంటే ఇరవై రెండున్నర కిలోలు. అందులో మూడోవంతు ఏడున్నర. నీ రీలు ఇస్తోంది, నువ్వెందుకు ఇవ్వనంటావు?" అన్నారు. గేరు మోస్తుంది, స్లీవ్ మోస్తుంది, డాగ్ మోస్తుంది. ఇవన్నీ ఆనుకున్న గోడ బేకలైటుదని చెప్పాను. బ్రిడ్జి స్క్రూలు ఆ పళ్లెంలోంచే పోతాయి. మెలి అంతా చివరికి చేరేది అక్కడికే. కిరసనాయిలు పూసి తుడిచి, సుద్దపొడి చల్లి పగుళ్లు చూసే పాత పద్ధతి ఉంది, పగులుంటే లోపలి కిరసనాయిలు సుద్దను తడిపి గీతగా కనబడుతుంది. పళ్లేనికి అది చేసి చూపించాను. పగుళ్లు లేవు. అయినా నిండు స్పూల్‌కు 5 కిలోలే అన్నాను. ఖాళీ స్పూల్‌కు అది ఏడున్నరే అవుతుందని గోడ మీది లెక్కే చెబుతోంది. ఆయన ఆ లెక్క మళ్లీ చూసి ఒప్పుకున్నారు. 5 దగ్గర స్టార్ మీదా పళ్లెం మీదా ఎర్ర గోళ్లరంగుతో గుర్తు పెట్టాను.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. సముద్ర పరీక్ష ఆ తర్వాతే కుదిరింది. గిలకలదిండి నుంచి తెల్లారుజామున బయల్దేరాం. తొమ్మిదింటికి అడుగు గాలానికి ఏదో పట్టి కదలకుండా కూర్చుంది. సరంగు లైను మీద వేలు పెట్టి, "టేకండీ మాస్టారూ, నేలకు అతుక్కుంది" అన్నాడు. టేకంటే తోకకు ముల్లుండే చప్పటి చేప. పరీక్షకు అంతకన్నా మంచి చేప ఉండదు. పరిగెత్తదు, పట్టు విడవదు, లేచినప్పుడల్లా పది మీటర్లు లాక్కుపోతుంది. ఇరవై నిమిషాలు పైగా సాగింది. లైను పోతున్నప్పుడు స్పూల్ ఒకే శబ్దంతో తిరిగింది, ఎక్కడా కుదుపు లేదు. హ్యాండిలు కదల్లేదు. పడవ పక్కకొచ్చాక సరంగు తోక ముల్లుకు దూరంగా ఉండి లైను కోసి వదిలేశాడు. మాస్టారు రాడ్డు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన వేళ్లు హ్యాండిలు మీదే ఉన్నాయి.

షాపుకొచ్చి మర్నాడు మొత్తం విప్పాను. డాగ్‌లు వేసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. స్లీవ్ పళ్ల మీద కొత్త నొక్కులేవీ లేవు. వాషర్ల గ్రీజు కాస్త నల్లబడింది, అంతే. బ్రిడ్జి స్క్రూల్లో ఒకటి పావు చుట్టు వదులైంది. సుద్ద చల్లితే ఆ స్క్రూ రంధ్రం నుంచి 4 మి.మీ. పొడవున వెంట్రుకంత గీత తేలింది. అంతకుముందు అక్కడ లేదు.

పళ్లెం బయటివైపు చెక్కడాలున్నాయి, వాళ్ల నాన్నగారి పేరు మొదటి అక్షరం సూదితో గీసి ఉంది, అందుకని పళ్లెం మార్చడానికి మాస్టారు ఒప్పుకోలేదు. నేను కూడా ఒత్తిడి చేయలేదు. పగులు కొన దగ్గర 1 మి.మీ. రంధ్రం వేసి అది ముందుకు పాకకుండా ఆపాను. లోపలివైపు 2 మి.మీ. అల్యూమినియం పలకను బ్రిడ్జి ఆకారం కన్నా కాస్త పెద్దదిగా కోసి ఆనించాను, నాలుగు స్క్రూల బరువు ఇప్పుడు దాని మొత్తం మీద పరుచుకుంటుంది. ఆ మందానికి సరిపోయేలా గేరు కింద వాషరును డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో లేతు మీద పల్చగా తిప్పాల్సి వచ్చింది, లేకపోతే గేరు పినియన్‌తో సరిగ్గా కలవదు. స్టెయిన్‌లెస్ స్క్రూ, అల్యూమినియం, ఉప్పునీరు కలిస్తే అల్యూమినియాన్ని తినేస్తాయి, అందుకే మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర, స్క్రూలకు గ్రీజు. ఎర్ర గుర్తును 5 నుంచి 4.5కు జరిపాను. ఈసారి మాస్టారు లెక్క అడగలేదు.

ఇప్పటికి పన్నెండు ట్రిప్పులయ్యాయి. ఆయన ఒక చిన్న నోటుపుస్తకంలో ప్రతి ట్రిప్పూ రాస్తారు: ఎన్ని మీటర్లు పోయింది, హ్యాండిలు వెనక్కి ఎంత ఆడింది, స్టార్ ఎక్కడుంది. మూడు నెలలకోసారి బస్సులో తెచ్చి బల్ల మీద పెడతారు, నేను సుద్ద చల్లుతాను. పగులు రంధ్రం దాటలేదు. పోయినసారి మైక్రోమీటరు పెట్టినప్పుడు పినియన్ పన్ను 0.04 మి.మీ. పల్చబడింది. సరైన మోడల్ పినియన్ ఈమధ్యే వచ్చింది. నూనె కాగితంలో చుట్టి, పైన రీలు పేరు రాసి, అల్మరాలో పెట్టాను.